తెలుగు రాజు ఇచ్చిన రేవు
రేవుల కథలు – తొమ్మిదో భాగం

మయిలాడుదురై నుంచి వచ్చే బస్సు పొరయారు దాటిన కాసేపటికే రోడ్డు పక్కన ఓ తెల్లటి ద్వారం కనిపిస్తుంది. నెత్తిన డెన్మార్క్ రాజచిహ్నం, కింద ఆటోలూ సైకిళ్లూ చేపల గంపలూ. 1792లో కట్టిన ఈ ద్వారాన్ని డేనులు ‘లాండ్‌పోర్టెన్’ అన్నారు. నేల వైపు వాకిలి అని అర్థం. అక్కణ్నుంచి సముద్రం దాకా తిన్నగా సాగే వీధి పేరు రాజు వీధి. నింపాదిగా నడిచినా పది నిమిషాల్లో ఒడ్డుకు చేరిపోవచ్చు. ఎడమా కుడీ పాత చర్చిలు, ఎత్తయిన స్తంభాల అరుగులున్న ఇళ్లు, బడి వదిలిన వేళ పిల్లల కేకలు. వీధి చివర ఇసుక. ఇసుక అంచున ఎండకు లేత గులాబీ రంగు తేలే కోట గోడ. దాని వెనక బంగాళాఖాతం.

ఇదే తరంగంబాడి. ఐరోపా వాళ్లకు ట్రాంకెబార్. తమిళనాడులో కావేరి తన పాయలన్నీ సముద్రానికి అప్పజెప్పే చోట, చెన్నైకి సుమారు 280 కిలోమీటర్ల దక్షిణాన ఉంది. పెద్ద హోటళ్ల వరుసలు లేవు, ఒడ్డున పడవ షికార్ల హడావిడి లేదు. సాయంత్రం జాలర్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే, కోట ముందు బెంచీల మీద ఊరి పెద్దలు గాలి పోసుకుంటుంటారు. ఇంత నెమ్మదైన ఊరికి చరిత్ర ధారావాహికలో ఒక భాగమంతా ఎందుకంటే, ఈ రేవును డేనులకు ఇచ్చింది తెలుగులో కావ్యం రాసిన రాజు. తెలుగు అక్షరం అచ్చులోకి వెళ్లిన దారి కూడా ఈ ఇసుక మీదుగానే సాగింది. తెలుగువాళ్లు తంజావూరు చూస్తారు, వేళాంగణ్ణి చూస్తారు. తీరం వెంట దారిలో ఉన్న ఈ ఊరిని బస్సు కిటికీలోంచి చూసి వదిలేస్తారు. అది మన చరిత్రకు మనమే చేసుకుంటున్న అన్యాయం.

డేనులు రాకముందు ఇక్కడ ఏమీ లేదనుకోకూడదు. కోటకు కూతవేటు దూరంలో, అలల అంచునే మాసిలామణినాథుడి గుడి ఉంది. 1306లో కులశేఖర పాండ్యుడి కాలంలో కట్టింది. ఆ కాలపు శాసనంలో ఊరి పేరు సడంగన్‌పాడి. తరంగంబాడి అన్న పేరుకు పాడే అలల ఊరు అని జనం చెప్పుకునే అర్థం చెవికింపైనదే గానీ, శాసనంలోని పేరు అంతకంటే పాతది. గుడిలో చాలా భాగాన్ని సముద్రం శతాబ్దాల పాటు కొంచెం కొంచెంగా కొరికేసింది. ఈమధ్య కాలంలో మిగిలినదాన్ని బాగుచేసి, అలలు తగలకుండా రాళ్లు పేర్చారు.

ఇక 1620 సంగతి. అప్పటికి తంజావూరును ఏలుతున్నది రఘునాథ నాయకుడు. విజయనగరం పంపిన నాయకుల వంశం, ఇంటి భాష తెలుగు. చేమకూర వెంకటకవి ‘విజయవిలాసము’ను అంకితమిచ్చింది ఈయనకే. ‘వాల్మీకి చరిత్రము’ ఆయన స్వయంగా రాసిన కావ్యం. 24 మెట్లు స్థిరంగా బిగించిన వీణకు, అంటే నేటి తంజావూరు వీణకు, రూపం ఆయన కాలంలోనే వచ్చిందంటారు. ఆయన చరిత్రను సంస్కృతంలో కావ్యంగా మలచిన రామభద్రాంబ ఆ కొలువులోని విదుషి. కవులూ వైణికులూ నిండిన ఆ సభలోకి ఓడ పగిలి, ఉప్పునీళ్లలో తడిసి, ప్రాణాలు దక్కించుకున్న కొందరు పరదేశులు వచ్చి నిలబడ్డారు.

డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ 1616లో తన దేశానికీ ఓ ఈస్టిండియా కంపెనీ పెట్టాడు. వలందులు (డచ్చివాళ్లు), ఇంగిలీసులు మిరియాలతో లాభాలు గడిస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. 1618 చివర్లో కొన్ని ఓడలు బయల్దేరాయి. గమ్యం సింహళం. నాయకుడు ఓవె గెడ్డె, అప్పటికి పాతికేళ్లు కూడా నిండని కుర్రవాడు. ఏడాదిన్నర ప్రయాణంలో జబ్బులకు ఎందరో పోయారు. కాండీ రాజుతో ఒప్పందం ఖాయమని నమ్మించి ఈ యాత్రకు మూలమైన బొష్హౌవర్ కూడా దారిలోనే పోయాడు. చివరికి కాండీ చేరితే, ఆ ఒప్పందం తనకు అక్కర్లేదని అక్కడి రాజు చెప్పేశాడు. అంత దూరం వచ్చినవాళ్లకు చేతిలో ఏమీ మిగల్లేదు.

ఈలోపు ముందుగా పంపిన ‘ఓరెసుండ్’ అనే ఓడ కథ మరో రకంగా నడిచింది. కారైకాల్ దగ్గర బుడతకీచులు (పోర్చుగీసువాళ్లు) దాన్ని ముంచేశారు. దాని పెద్ద రోలాండ్ క్రాప్పె కొద్దిమందితో ఒడ్డెక్కి తంజావూరు చేరాడు. రఘునాథుడు వాళ్లను తరిమేయలేదు, చెరలో పెట్టలేదు. మాట్లాడాడు. నాగపట్నంలో బుడతకీచులు బలిసిపోతున్న రోజులవి. ఇంకో సముద్ర జాతి తన తీరాన ఉంటే వాళ్లకు పోటీ ఉంటుందని, సుంకమూ వస్తుందని ఆయన లెక్క వేసుకుని ఉండాలి. వీణ మెట్లు సరిచూసిన రాజే రేవుల రాజకీయమూ సరిచూసుకున్నాడు. ఆయన్ను కవిరాజుగానే గుర్తుపెట్టుకున్న మనం ఈ రెండో ముఖాన్ని మరిచిపోయాం.

గెడ్డె సింహళం నుంచి తంజావూరు వచ్చాక 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. సడంగన్‌పాడి, దాని చుట్టూ కొంత నేల డేనులకు. అక్కడ కోట కట్టుకునే హక్కు వాళ్లకు. ఏటా కప్పం రాజుకు. ఆ కప్పం 3,111 రూపాయలని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. రఘునాథుడు డెన్మార్క్ రాజుకు పంపిన లేఖ కాగితం మీదా కాదు, తాటాకు మీదా కాదు. బంగారు రేకును తాటాకులా సన్నగా సాగదీసి, దానిమీద తమిళంలో చెక్కించిన అక్షరాలు. నాలుగు శతాబ్దాలు గడిచినా ఆ రేకు ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండారంలో భద్రంగా ఉంది.

కోటకు డాన్స్‌బోర్గ్ అని పేరు పెట్టారు. డేనుల కోటల్లో క్రోన్‌బోర్గ్ తర్వాత ఇదే పెద్దదని చెబుతారు. క్రోన్‌బోర్గ్ అంటే షేక్స్పియర్ ‘హామ్లెట్’ నాటకానికి రంగస్థలంగా ఎంచుకున్న ఎల్సినోర్ కోట. లోపలికి వెళితే కింది అంతస్తులో సరుకుల కొట్లు, చెర గదులు, మందుగుండు నిలవ గదులు. పై అంతస్తులో గవర్నరు, పాదిరి ఉండే గదులు. నడిమి హాలు కప్పు ఒంటె మూపురాల్లా గుండ్రంగా లేస్తుంది. గోడల మందం చూస్తే వేసవిలో లోపల ఎందుకంత చల్లగా ఉంటుందో అర్థమవుతుంది. ఇప్పుడు అందులో రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. గాజు పెట్టెల్లో పింగాణీ ముక్కలు, పత్రాలు, చిన్న చిన్న డేనిష్ నాణేలు. బంగాళాఖాతం ఒడ్డు సంతల్లో ఉప్పూ చింతపండూ కొన్న చేతులు ఈ నాణేలను తిప్పాయి. డెన్మార్క్ రాజెవరో వాళ్లకు అక్కర్లేదు, కాసు చెల్లితే చాలు.

గత భాగంలో చూసిన మచిలీపట్నంలోనూ 1620లలోనే డేనులు వర్తకశాల తెరిచారు, ఎక్కువకాలం నిలబెట్టలేకపోయారు. తరంగంబాడిలో మాత్రం నిలబడ్డారు. ఎలా నిలబడ్డారన్నదే ఈ ఊరి కథలో వింతైన ఘట్టం.

ఐరోపాలో యుద్ధాలు డెన్మార్క్ ఖజానాను ఊడ్చేశాయి. 1639 తర్వాత 29 ఏళ్ల పాటు కోపెన్‌హాగన్ నుంచి ఇటు ఓడ బయల్దేరలేదు. జీతాలు లేవు, కబురు లేదు. 1650లో కంపెనీనే రద్దు చేసేశారు. కోటలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే జ్వరాలకు రాలిపోయారు. 1655 నాటికి మిగిలిన డేను ఒకే ఒక్కడు, ఎస్కిల్డ్ కొంగ్స్‌బక్కె. పెద్ద కుటుంబంవాడు కాదు, మామూలు సిపాయి. ఆయన జెండా దించలేదు. స్థానికుల సాయంతో బంగాళాఖాతంలో ఓడలను పట్టుకుని, ఆ సొమ్ముతో కోటను నడిపాడు. తంజావూరు సేనలు ముట్టడికి వస్తే ఊరి చుట్టూ గోడ కట్టి ఎదిరించాడు. పట్టుకున్న ఓడల్లో బెంగాల్ వర్తకులవీ ఉన్నాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే ఇది సముద్రపు దోపిడీయే, దాచాల్సిన పని లేదు. 1669లో ‘ఫేరో’ అనే ఓడ రేవులోకి వచ్చింది. ఇక్కడ ఎవరూ బతికి ఉండరనుకుంటూ వచ్చినవాళ్లకు కోట మీద తమ జెండా ఎగురుతూ కనిపించింది. పద్నాలుగేళ్లు ఒంటరిగా కాపలా కాసినవాడినే రాజాజ్ఞ ప్రకారం గవర్నరును చేశారు.

రాజు వీధిలో ఇప్పటికీ ఎక్కువమంది ఆగే చోట్లు రెండు చర్చిలు. 1701 నాటి జయాన్ చర్చి డేను అధికారుల కోసం కట్టింది. 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి మాత్రం ఊరి జనం కోసం. దాన్ని కట్టించిన బార్తలోమేయ జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ పాదిరి సమాధి అందులోనే ఉంది. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపగా 1706 జూలై 9న ఇతనూ ప్లూషో అనే మిత్రుడూ ఈ ఒడ్డున దిగారు. కోటలోని పెద్దలకు వీళ్ల రాక నచ్చలేదు. తమ వర్తకానికి వీళ్లు అడ్డమని వాళ్ల అనుమానం. ఒకానొక తగవులో గవర్నరు హాసియస్ జీగెన్‌బాల్గ్‌ను నాలుగు నెలలు ఆ కోటలోనే బంధించాడు.

జీగెన్‌బాల్గ్ తమిళం నేర్చుకున్న తీరును మాత్రం దగ్గర్నుంచి చూడాలి. వీధి బడి పంతుల్ని తన ఇంటికే రప్పించుకున్నాడు. పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని చూపుడు వేలితో అక్షరాలు దిద్దుతుంటే, తానూ వాళ్ల పక్కన చతికిలబడి వేలు కదిపాడు. మన ఊళ్లలో వీధి అరుగు మీద ఓనమాలు దిద్దించిన పద్ధతే ఇది. రెండేళ్లు తిరిగేసరికి తాటాకు గ్రంథాలు సేకరించి, తాను చదివిన తమిళ పుస్తకాలకు పట్టిక తయారుచేశాడు. 1707లోనే ఆడపిల్లల కోసం బడి తెరిచాడు.

తర్వాత అచ్చు. ఇంగ్లండు నుంచి బయల్దేరిన అచ్చు యంత్రం బ్రెజిల్ తీరంలో పరాసుల (ఫ్రెంచివాళ్ల) చేతికి చిక్కింది. దాన్ని నడపాల్సిన ముద్రకుడు దారిలోనే చనిపోయాడు. ఎలాగైతేనేం, యంత్రం 1712లో ఈ దేశం చేరింది, మరుసటి ఏడు జర్మనీలోని హాలె పట్నం నుంచి తమిళ అచ్చులు వచ్చాయి. అవి మరీ పెద్దవి. వాటితో వేస్తే కాగితమంతా ఖర్చయిపోతుంది. అందుకని పక్కనే పొరయారులో చిన్న అచ్చులు పోత పోశారు. సీసం చాలక, ఇంగ్లండు నుంచి జున్ను నింపి పంపిన డబ్బాల సీసపు మూతల్ని కరిగించారని చెబుతారు. కాగితం మిల్లు కూడా అక్కడే పెట్టారు. 1715లో తమిళ కొత్త నిబంధన పూర్తిగా అచ్చయింది. 1719లో జీగెన్‌బాల్గ్ పోయాడు, వయసు 36.

ఆ ఏడే ఈ ఒడ్డున దిగినవాడు బెంజమిన్ షుల్జ్. మనకు కావలసిన మనిషి ఇతనే. తరంగంబాడిలో తమిళం పట్టు చిక్కించుకుని 1726లో మద్రాసు వెళ్లాడు. అక్కడ నలుదిక్కులా తెలుగు వినపడింది. నేర్చుకున్నాడు, వ్యాకరణం రాసుకున్నాడు, బైబిలు మొత్తాన్ని తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చు కాలేదు. 1743లో ఆరోగ్యం చెడి జర్మనీ వెళ్లిపోయాక, హాలెలో తెలుగు అచ్చులు తయారుచేయించి 1746, 1747ల్లో కొన్ని చిన్న మత పుస్తకాలు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. తెలుగు నేలకు వేల మైళ్ల దూరంలో, తెలుగు చదవగలవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా లేని జర్మన్ పట్నంలో మన ‘అ ఆ’లు మొదటిసారి సీసపు అచ్చులయ్యాయి. ఆ పుస్తకాల భాష ఇవాళ చదివితే గతుకుల బాటలా ఉండొచ్చు. అయినా మన భాషా చరిత్ర ఏ తరగతిలో చెప్పినా తరంగంబాడి పేరు అందులో ఉండాలి.

దారి అక్కడితో ఆగలేదు. తరంగంబాడిలో క్రైస్తవం పుచ్చుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు విశాఖపట్నం చేరి, లండన్ మిషన్‌కు చెందిన డెస్‌గ్రాంజెస్‌కు సువార్తల తెలుగు అనువాదంలో తోడయ్యాడు. ఆ అనువాదం 1812లో అచ్చయింది బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వెలువడిందీ అక్కడే. శ్రీరాంపూర్ ఎవరిది? 1755 నుంచి డేనులదే. ఇంగిలీసు ఈస్టిండియా కంపెనీ తన నేల మీద మిషనరీలను ఉండనివ్వని రోజుల్లో కేరీకి నీడనిచ్చింది డెన్మార్క్ జెండా.

యుద్ధాల్లో ఏ పక్షమూ కాకుండా ఉండటం డేనులకు కొన్నాళ్లు బాగా కలిసొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇంగిలీసులూ పరాసులూ కొట్టుకుంటుంటే, సరుకులు తటస్థుల ఓడల్లో భద్రంగా వెళ్లేవి. గవర్నరు బంగళా, రాణి వీధిలోని పెద్ద ఇళ్లు ఆ సంపాదన రోజుల్ని గుర్తుచేస్తాయి. నెపోలియన్ యుద్ధాల్లో డెన్మార్క్ అవతలి పక్షం చేరేసరికి ఇంగిలీసులు ఊరిని పట్టుకుని 1808 నుంచి 1815 దాకా విడిచిపెట్టలేదు. తిరిగి ఇచ్చాక వర్తకం కోలుకోలేదు. 1845లో డెన్మార్క్ తరంగంబాడినీ శ్రీరాంపూర్‌నీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మేసింది. కొన్నేళ్లు తంజావూరు జిల్లా కలెక్టరు కచేరీ ఇక్కడే ఉండేది, 1860లో అదీ తరలిపోయింది. మరుసటి ఏడు నాగపట్నానికి రైలు వచ్చింది. ఓడలు రైలున్న రేవుకు పోయాయి. ఊరు నెమ్మదించింది. ఇవాళ యాత్రికులు మెచ్చుకునే ఈ ప్రశాంతత అలా వచ్చినదే.

కోట ముందు నిలబడి సముద్రాన్ని చూస్తే అది ఎప్పుడూ ఇంతే శాంతంగా ఉంటుందనిపిస్తుంది. ఊరి గోడలో సముద్రం వైపు భాగాన్ని ఏనాడో మింగేసింది ఈ సముద్రమే. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. అప్పటి నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా చనిపోయారు. తరంగంబాడిలో జాలరిపేట అలలకు నేరుగా ఎదురుగా ఉంది. కోట నిలబడింది. ఇళ్లు నిలబడలేదు. తర్వాత కట్టిన రాతిగట్ల మీద ఇవాళ జాలర్లు వలలు ఆరేస్తారు. వచ్చినవాళ్లు ఆ గట్టు మీద కూర్చుని ఫొటోలు దిగే ముందు, అది ఎందుకు కట్టారో ఒకసారి అక్కడివాళ్లను అడగాలి.

చుట్టుపక్కల చూడాల్సినవి రెండు రోజులకు సరిపోతాయి. ఉత్తరాన ఇరవై కిలోమీటర్లలో పూంపుహార్, సంగమ కాలపు చోళుల రేవు కావేరిపూంపట్టణం. దక్షిణాన కారైకాల్, 1739లో పరాసుల చేతికి వచ్చిన ఊరు. పుదుచ్చేరి పాలనలో ఉండటం వల్ల మన యానాంకు అక్కచెల్లెలి వరస. ఇంకా దిగువన నాగూరు దర్గా, నాగపట్నం, వేళాంగణ్ణి.

వీటన్నిటికంటే దగ్గరిది తిరుక్కడయూరు. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ని తన్నిన చోటుగా దీనికి పేరు. అందుకే అరవై నిండిన దంపతులు ఇక్కడికొచ్చి షష్టిపూర్తి చేసుకుంటారు. తెల్లవారుజామున వెళితే ప్రాకారమంతా కలశాల వరుసలు, హోమాల పొగ, మళ్లీ పెళ్లికూతుళ్లయిన బామ్మల ముసిముసి నవ్వులు. తెలుగు కుటుంబాలు కూడా బస్సులు మాట్లాడుకుని వస్తాయి. వాళ్లు ఇంకో అరగంట ప్రయాణిస్తే రఘునాథుడు ఇచ్చిన రేవు చేరతారు.

ఈ రేవులో దిగినవాళ్లలో ఇంకొకరి గురించి చెప్పాలి. 1768లో వైద్యుడిగా వచ్చిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. మొక్కలకు శాస్త్రీయ నామాల పద్ధతి స్థిరపరచిన లినేయస్ దగ్గర చదువుకున్నవాడు. ఇక్కడి నుంచి మొక్కలు ఎండబెట్టి గురువుకు పంపేవాడు. అలా పంపినవాటిలో ఒకదానికి లినేయస్ శిష్యుడి పేరే పెట్టాడు, కోనిగీ అని. ఆ మొక్క కరివేపాకు. ప్రతి తెలుగింట్లోనూ పోపులో చిటపటలాడే ఆకు శాస్త్రీయ నామంలో ఈ తరంగంబాడి వైద్యుడు ఇప్పటికీ ఉన్నాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులోనూ, ఇంగిలీసు కంపెనీ కొలువులోనూ చేరి సయాం దాకా తిరిగాడు. చివరి ప్రయాణం మన తీరానికి. 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో పడిపోతే, సామర్లకోట నుంచి ఓ స్కాట్లండ్ డాక్టరు వచ్చి దగ్గరుండి చూసుకున్నాడు. బతికించుకోలేకపోయాడు. ఆ డాక్టరు పేరు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఆయన వేసిన తోటలు, కోరంగి రేవు కథ పదో భాగంలో.